జెంగ్‌జౌ పార్కులో మిల్లు మాస్టారు

జెంగ్‌జౌలో దిగిన మొదటి నెలలో నాకొచ్చిన చైనీస్ మాటలు నాలుగే: ఎంత, వద్దు, కారం వెయ్యి, అర్థం కాలేదు. 2007 సెప్టెంబరు. ఎంసెట్లో సీటొచ్చే ర్యాంకు రాక, ఇక్కడ ప్రైవేటు కాలేజీల్లో డొనేషన్ కట్టే స్తోమత లేక, ఎంబీబీఎస్ కోసం హెనాన్ రాష్ట్రానికి వచ్చిపడ్డ తెలుగు పిల్లల్లో నేనూ ఒకదాన్ని. హాస్టల్ మూడో అంతస్తు అంతా మనవాళ్లే. వార్డెన్ కంటపడకుండా మంచాల కింద రైస్ కుక్కర్లు, సూట్‌కేసుల్లో గోంగూర పచ్చడి, ఆదివారం పూట కారిడార్లో ఇంగువ వాసన. నాన్న ఫోన్ చేస్తే "అంతా బానే ఉంది నాన్నా" అనడం, పెట్టేశాక దుప్పటి ముసుగేసుకుని ఏడవడం.

నిద్ర పట్టేది కాదు. తెల్లవారుజామునే లేచి ఎటో అటు నడిచేదాన్ని. హాస్టల్ గేటు దాటి పది నిమిషాలు పోతే ఒక పార్కు. పొద్దున పూట చైనా పార్కు ఎలా ఉంటుందో చూడనివాళ్లకి చెప్పడం కష్టం. ఒక పక్క ముసలివాళ్లు వెనక్కి నడుస్తుంటారు. ఇంకో పక్క కొమ్మలకి పిట్టల పంజరాలు తగిలించి, వాటి కింద పేకాట. ఒకాయన బారెడు కుంచె నీళ్లలో ముంచి గచ్చు మీద పద్యాలు రాసుకుంటూ పోతాడు. ఆ చివర రాసేసరికి ఈ చివర ఆరిపోతుంది. ఎవరి రేడియోలోనో హెనాన్ నాటకం పాట, మన పౌరాణిక నాటకాల్లో పద్యం ఎత్తుకున్నట్టు, ఊపిరి తీసుకోకుండా.

ఇంతమందిలో ఏమీ చెయ్యకుండా నిలబడ్డ మనిషి ఒకాయన ఉండేవారు. మోకాళ్లు కొంచెం వంచి, చేతులు రెండూ ఛాతీ ముందు గుండ్రంగా పెట్టి. పెద్ద గుండిగ ఏదో పట్టుకుని ఉంటే, ఎవరో వచ్చి గుండిగ తీసుకుపోయారు గానీ ఆయనకి ఆ సంగతి చెప్పడం మర్చిపోయారు అన్నట్టు ఉండేది. నేను పార్కు రెండు చుట్లు చుట్టొచ్చినా ఆయన అలాగే ఉండేవారు. మూడో రోజు ధైర్యం చేసి దూరంగా నిలబడి నేనూ గుండిగ పట్టుకున్నాను. రెండు నిమిషాలకి భుజాలు మండిపోయాయి, తొడలు వణికాయి. ఆయన కళ్లు తెరిచి చూసి, దగ్గరికొచ్చి, నా వీపు మీద రెక్క ఎముక దగ్గర రెండు వేళ్లు ఆనించారు. నొక్కలేదు, తొయ్యలేదు. ఆనించారంతే. నా భుజం దానంతటది అంగుళం కిందికి జారింది. "జోంగ్" అన్నారు.

జోంగ్ అంటే హెనాన్ వాళ్ల భాషలో "బావుంది, సరే, కానీ" అన్నీనూ. కాకపోతే "బూ జోంగ్". ఐదేళ్లలో ఆయన నాకు చెప్పిన పాఠంలో సగం ఈ రెండు మాటలే.

వయసు అరవై దాటింది. నూలు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. 1950ల్లో జెంగ్‌జౌ పడమటి వైపు వరసగా పెద్ద పెద్ద ప్రభుత్వ నూలు మిల్లులు కట్టారు. వేల కుటుంబాలు వాటి చుట్టూ ఉన్న ఇటుక క్వార్టర్లలోనే బతికాయి. ఈయనా ఆ క్వార్టర్లలో మనిషే. గుడ్డ బూట్లు, నీలం కోటు, టీ ఆకు తేలే గాజు ఫ్లాస్కు. నన్ను "శ్యావ్ యిన్" అనేవారు. చిన్న ఇండియా అన్నమాట. నా అసలు పేరు నాలుగు అక్షరాలు. ఒకసారి పలకబోయి, నాలుక మడతపడి, వదిలేశారు. నేను ఆయన్ని "లావ్‌షీ" అనేదాన్ని, అంటే మాస్టారూ అని. హాస్టల్లో మావాళ్లకి మాత్రం ఆయన "మిల్లు మాస్టారు". "ఏమే, మిల్లు మాస్టారి దగ్గర ఇవాళ కూడా నిలబడ్డమేనా?" అని ఏడిపించేవాళ్లు. మూడు నెలలు నిలబడ్డమే. ఫైటింగ్ నేర్చుకుని హీరోయిన్‌లా తిరిగొస్తానని ఊహించుకున్నదాన్ని, మూడు నెలలూ లేని గుండిగ మోశాను.

ఆ డిసెంబరు చలిలో, చెవులు ఊడిపోతాయేమో అనిపించే గాలిలో, తాయ్‌చీ అనే ఈ చైనా యుద్ధవిద్యలో మొదటి భంగిమ చూపించారు. పేరు జిన్‌గాంగ్ దావ్ త్వే. జిన్‌గాంగ్ అంటే వజ్రాయుధం పట్టుకున్న బౌద్ధ ద్వారపాలకుడు, అంటే మన వజ్రపాణి. ఆయన రోట్లో దంచడం ఆ భంగిమ. కుడి పిడికిలి రోకలిలా లేచి ఎడం అరచేతిలో పడుతుంది, కుడికాలు దభీమని నేల తాకుతుంది. చైనా వెళ్లి రోలూ రోకలీ నేర్చుకున్నానంటే అమ్మమ్మ ఎంత నవ్వుతుందో అనుకున్నాను. తాయ్‌చీ అంటే నీళ్లలో తేలుతున్నట్టు మెల్లగా చేసే ముసలివాళ్ల వ్యాయామం అనుకునేవాళ్లు మాస్టారు నేర్పిన ఈ చెన్ ఇంటివాళ్ల పద్ధతి చూస్తే ఉలిక్కిపడతారు. మెల్లగా పోతూ పోతూ ఉన్నట్టుండి కొరడా ఝళిపించినట్టు ఒక విసురు, మళ్లీ ఏమీ ఎరగనట్టు మెల్లగా.

అక్కడి నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. ఈయన గురువు ఎవరు? ఆ గురువుకి గురువు ఎవరు?

మనకిది పుట్టుకతో వచ్చే జబ్బే కదా. సంగీతం నేర్చుకున్నామంటే ఎవరి శిష్యపరంపర అని అడుగుతారు, పెళ్లి పీటల మీద ప్రవర చెబుతారు. పైగా మాది కూచిపూడికి కూతవేటు దూరంలో ఊరు. కొన్ని ఇంటిపేర్ల వాళ్లు తరతరాలుగా ఒక విద్యని ఇంటి గుట్టులా కాపాడుకోవడం, ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టడం, తర్వాత వెంపటి చినసత్యం గారి లాంటివాళ్లు మద్రాసు వెళ్లి అందరికీ నేర్పడం, ఇవన్నీ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన కథలు. అందుకే హెనాన్‌లో సరిగ్గా అలాంటి ఊరొకటి, మేమున్న చోటికి రెండు గంటల దూరంలో ఉందని తెలిసినప్పుడు మనసాగలేదు.

ఆ ఊరు చెన్‌జ్యాగో. మన దగ్గర ఫలానావారిపాలెం అన్నట్టు, చెన్‌వారి వాగు. పసుపు నదికి ఉత్తరాన, వెన్ కౌంటీలో. 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌తింగ్ అనే సైనికుడు, మింగ్ రాజ్యం కూలిపోయాక ఊరొచ్చి కూర్చుని ఈ విద్యకి రూపం ఇచ్చాడని ఆ ఊరి లెక్క. వూదాంగ్ కొండల్లో జాంగ్ సాన్‌ఫెంగ్ అనే సన్యాసి పామూ పిట్టా కొట్లాడుకోవడం చూసి కనిపెట్టాడనేది ఇంకో కథ. 1930ల్లో థాంగ్ హావ్ అనే చరిత్రకారుడు ఊరికి వెళ్లి, పాత కాగితాలు తిరగేసి, చెన్‌ల వైపే మొగ్గాడు. ఆ వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు. నాకు మటుకు పాము కథ బావుంటుంది, కాగితాల కథ నమ్మాలనిపిస్తుంది.

ఇంటర్నెట్ సెంటర్లో గంటకి రెండు యువాన్లు కట్టి కూర్చుని, అనాటమీ నోట్సు వెనక అట్ట మీద వంశవృక్షం గియ్యడం మొదలుపెట్టాను. పైన చెన్ వాంగ్‌తింగ్. కిందికి వస్తే చెన్ ఛాంగ్‌షింగ్ (1771–1853). అక్కడ కొమ్మ చీలుతుంది. ఎందుకంటే ఛాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకున్న యాంగ్ లుఛాన్ చెన్ ఇంటిపేరు వాడు కాదు, హెబే రాష్ట్రంలోని యోంగ్‌నియెన్ నుంచి వచ్చిన పేదవాడు. రాత్రిళ్లు గోడ కన్నంలోంచి చూసి దొంగచాటుగా నేర్చుకున్నాడనీ, పట్టుబడ్డాక అతని పనితనం చూసి గురువే ముచ్చటపడి శిష్యుణ్ణి చేసుకున్నాడనీ చైనాలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన కథ. తర్వాత బీజింగ్ వెళ్లి, అప్పట్లో చైనాని ఏలుతున్న మంచూ దొరలకి నేర్పాడు. "ఓటమి లేని యాంగ్" అని పేరు. ఇవాళ ప్రపంచంలో ఏ పార్కులో చూసినా కనిపించే మెల్లని తాయ్‌చీలో ఎక్కువ భాగం ఆ కొమ్మకి కాసిందే. 1956లో ప్రభుత్వం అందరికీ అందేలా 24 భంగిమలకి కుదించింది కూడా యాంగ్‌ల పద్ధతినే.

గోడ కన్నం కథ నేను మాస్టారికి ఉత్సాహంగా చెబితే, పూర్తిగా విని, చెట్టు మీదికి చూపించారు. "చూసినంతలో వచ్చేస్తే ఈ పిచ్చుకలన్నీ ఈపాటికి గురువులైపోవాలి."

మరి మీ గురువెవరు అంటే, "టీ చల్లారిపోతోంది" అనేవారు.

అదే పార్కులో ఇంకో పెద్దాయన ఉండేవారు, బాగ్వా చేసేవారు. చెట్టు చుట్టూ గానుగెద్దులా గుండ్రంగా తిరగడం ఆ విద్య. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఆ చెట్టు చుట్టూ గడ్డి మొలవని వలయం పడింది. ఈయన మా మాస్టారికి పూర్తి వ్యతిరేకం. అడగక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు, పరంపర అప్పజెప్పేవారు. బీజింగులో రాకుమారుడి భవనంలో కొలువు చేసిన దోంగ్ హైఛువాన్ మూలపురుషుడు. ఆయన శిష్యుడు ఛెంగ్ థింగ్‌హ్వా, వృత్తి కళ్లజోళ్లు చెయ్యడం, అందుకే "కళ్లజోళ్ల ఛెంగ్". 1900లో విదేశీ సైన్యాలు బీజింగులో దిగినప్పుడు ఆ గొడవలో చనిపోయాడు. ఇంకో శిష్యుడు యిన్ ఫూ. ఛెంగ్ కుస్తీ వచ్చినవాడు కాబట్టి ఆయన కొమ్మలో విసిరి పడెయ్యడాలు ఎక్కువ, యిన్ ఫూ కొమ్మలో పొడుపులు ఎక్కువ. ఒకే గురువు, ఎవరికి ఏది వచ్చో చూసి దాని మీదే కట్టాడట. ఇదంతా ఆయన నడుస్తూనే చెప్పేవారు. నేనూ వెంట నడవాలి. ఒక పరంపర వినేసరికి కళ్లు తిరిగేవి.

తాయ్‌చీ, బాగ్వా, షింగ్‌యీ అనే ఇంకో యుద్ధవిద్య, ఈ మూడింటినీ కలిపి "నెయ్‌జ్యా" అంటారు. నెయ్ అంటే లోపల, జ్యా అంటే ఇల్లు. చెన్‌జ్యాగోలో ఉన్న జ్యా కూడా అదే. ఈ మూడూ ఒకే ఇంటివని గట్టిగా చెప్పినవాడు సున్ లుథాంగ్ (1860–1933), మూడూ నేర్చినవాడు. ఆయనకి తాయ్‌చీ ఎలా వచ్చిందో విన్నాక, మెడిసిన్ చదువుతున్నదాన్ని కాబట్టేమో, ఆ కథ నాకు మిగతా అన్నిటికన్నా ఇష్టం అయిపోయింది. హావ్ వేయ్‌జెన్ అనే తాయ్‌చీ గురువు బీజింగుకి వచ్చి జబ్బుపడ్డాడు. ఊరు కాని ఊరు. సున్ అప్పటికే యాభై దాటిన పేరున్న మాస్టరు, పెద్దగా పరిచయం కూడా లేదు. ఆయన్ని తీసుకెళ్లి, వైద్యుణ్ణి పిలిపించి, మందూ మాకూ చూసుకుని నిలబెట్టాడు. తేరుకున్నాక హావ్, నీ రుణం తీర్చుకోవడానికి నా దగ్గర ఉన్నది ఇదొక్కటే అని తాయ్‌చీ నేర్పాడు. గోడ కన్నం లేదు, పోటీ లేదు. సెలైన్ బాటిల్ పక్కన కూర్చున్నంత మామూలు విషయం.

2009 నవంబరులో ఒక శనివారం ఇద్దరు హాస్టల్ స్నేహితురాళ్లని బతిమాలి చెన్‌జ్యాగోకి బయల్దేరదీశాను. మాస్టారిని రమ్మంటే రానన్నారు. "వస్తూ పెండలం పట్రా" అని మాత్రం చెప్పారు. వెన్ కౌంటీ పెండలం చైనా అంతా పేరు. వేలెడు లావు, కర్రలా పొడుగు, దాన్ని "ఇనప కడ్డీ" అంటారు. బస్సు పసుపు నది వంతెన దాటుతుంటే కింద నీళ్ల కన్నా ఇసుకే ఎక్కువ కనిపించింది, వేసవిలో కృష్ణ లాగే. చేలల్లో మనిషి నడుం లోతు కందకాలు తవ్వి, విరక్కుండా ఒక్కో పెండలం దుంప తీస్తున్నారు.

ఊరు చూసి నా స్నేహితురాళ్లు మొహాలు వేలాడేశారు. "దీనికోసమా తీసుకొచ్చావు?" నిజమే, మామూలు పల్లె. ఇళ్ల ముందు ఆరబోసిన మొక్కజొన్న కంకులు, ట్రాక్టర్లు, దుమ్ము. పూర్వీకుల గుడి, లుఛాన్ నేర్చుకున్న చోటని చూపించే పాత లోగిలి. నాకు గుర్తుండిపోయింది అవేవీ కావు. ఒక స్కూలు ఆవరణలో వందమంది దాకా పిల్లలు, చొక్కాలు చెమటతో వీపుకి అంటుకుపోయి, ఒక్కసారిగా వజ్రపాణి రోకలి దించారు. వంద కాళ్లు ఒకేసారి. పసుపు దుమ్ము మోకాళ్ల దాకా లేచి, మళ్లీ మెల్లగా కూర్చుంది. అప్పటిదాకా సణుగుతున్న నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుంది.

గుడి దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ మాకు చెప్పిన మాట, పాతరోజుల్లో ఈ విద్య కోడళ్లకి నేర్పేవాళ్లట గానీ కూతుళ్లకి నేర్పేవాళ్లు కాదట. కూతురు ఇంకో ఇంటికి పోతుంది, విద్య కూడా వెంట పోతుంది. మా ముగ్గురికీ ఎక్కడో తగిలింది. "అయితే మనకి నేర్పొచ్చు, మనం ఏ ఇంటికీ కోడళ్లం కాదు, కూతుళ్లమూ కాదు" అంది నా స్నేహితురాలు తెలుగులో. నవ్వుకున్నాం. ఆవిడా నవ్వింది, ఏమర్థమైందో.

ఆ ఊళ్లో వినాల్సిన కథ ఇంకొకటుంది. చెన్ ఫాఖ (1887–1957) 1928లో బీజింగు వెళ్లి నేర్పడం మొదలుపెట్టాడు, దాంతో చెన్‌ల సొంత పద్ధతి కూడా ఊరు దాటింది. ఆయన చిన్నప్పుడు రోగిష్టి, బద్ధకస్తుడు. చుట్టాలు, ఈ ఇంటి విద్య వీడితో సరి అని చెవినపడేలా అనుకునేవాళ్లట. వరసకి అన్న ఒకడు బాగా చేసేవాడు. ఎంత సాధన చేసినా, అతనూ చేస్తూనే ఉంటాడు కదా, ఎప్పటికి అందుకోను అని దిగులు. ఒకరోజు ఇద్దరూ పొలం వెళ్తుంటే అన్న ఏదో మర్చిపోయి, "నువ్వు పరిగెత్తి తీసుకురా, నేను మెల్లగా నడుస్తుంటా" అన్నాడు. ఫాఖ పరిగెత్తి వెళ్లి, తెచ్చి, దారిలో అన్నని అందుకున్నాడు. అంతే, లెక్క తేలిపోయింది: అతను నడుస్తున్నప్పుడు నేను పరిగెత్తాలి. విదేశాల్లో ఎంబీబీఎస్ చేసినవాళ్లు ఇండియాలో రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష టెన్షన్లో ఈ కథ నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో.

ఫాఖ బీజింగులో, మిగతావాళ్లు ఎక్కడెక్కడో. ఊళ్లో నేర్పేవాళ్లు కరువయ్యారు. 1958లో చెన్ జావ్‌పీ అనే ఆయన రిటైరై ఊరికి తిరిగొచ్చి, ఇది చూసి, పిల్లల్ని పోగేశాడు. తర్వాత సాంస్కృతిక విప్లవం వచ్చింది. పాతవన్నీ పాపమైన రోజులు. జావ్‌పీని వీధుల్లో అవమానించారనీ, తట్టుకోలేక బావిలో దూకి, కాలికి దెబ్బతో బతికి బయటపడ్డాడనీ ఊళ్లో చెబుతారు. శిష్యులు రాత్రిళ్లు, చీకట్లో, చప్పుడు కాకుండా సాధన చేశారు. రోట్లో దంచే భంగిమలో కాలు దభీమనకుండా ఎలా దించారో నాకు ఇప్పటికీ ఊహకి అందదు. 1972లో ఆయన పోయాడు. ఆయన దగ్గర ఆ చీకట్లో నేర్చుకున్న కుర్రాళ్లలో నలుగురు, చెన్ షియావ్‌వాంగ్, చెన్ జెంగ్‌లేయ్, వాంగ్ షీఆన్, జూ థియెన్‌ఛాయ్, తర్వాత దేశదేశాలూ తిరిగి నేర్పారు. 2020 డిసెంబరులో యునెస్కో తాయ్‌చీని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇక్కడ ఆసుపత్రిలో ఓపీ మధ్యలో ఫోన్లో ఆ వార్త చూశాను. నాకు గుర్తొచ్చింది ఆ బావే.

ఇక సిగ్గుపడాల్సిన సంగతి. 2010లో ఊళ్లో ఒక శిక్షణ సంస్థ వాళ్లు, పేరు అనవసరం, పది రోజుల కోర్సు చేస్తే ఫలానా తరం శిష్యులమని పత్రం ఇస్తామన్నారు. నాన్న పుస్తకాలకి పంపిన డబ్బులోంచి ఎనిమిది వందల యువాన్లు కట్టేశాను. చివరి రోజు గురువు అనబడే ఆయన కుర్చీలో కూర్చున్నాడు, మేం వరసగా మోకరిల్లి తల నేలకి ఆనించి, టీ కప్పు రెండు చేతులా అందించాం. దీన్ని "బాయ్‌షీ" అంటారు. నిజానికి ఎంతో బరువైన తంతు. ఏళ్లు చూసి గాని గురువు ఒప్పుకోడు. ఒప్పుకున్నాక శిష్యుడు పేరూ ఊరూ రాసిన పత్రం సమర్పించుకుంటాడు, ఆ క్షణం నుంచి గురువు "షీఫు". అందులో ఫు అంటే తండ్రి. తోటి శిష్యులు అన్నలూ అక్కలూ. మాకు మాత్రం ముప్పై మందికి నలభై నిమిషాల్లో అయిపోయింది. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు.

మాస్టారికి చెప్పకూడదనుకున్నాను. కానీ ఆ పది రోజులూ వంగి వంగి తక్కువలో చేసి కుడి మోకాలు వాచింది. పార్కులో కుంటుతుంటే చూసి అడిగారు. దాచలేక బ్యాగులోంచి పత్రం తీసిచ్చాను. రెండు వైపులా తిప్పి చూశారు, అట్టని వేళ్ల మధ్య నలిపి చూశారు, మిల్లులో గుడ్డ నాణ్యం చూసినట్టు. "కాగితం మంచిది" అన్నారు. మడత పడకుండా జాగ్రత్తగా తిరిగిచ్చారు. ఆ తర్వాత నెలన్నర పాటు మోకాలు వంచనివ్వలేదు, నిలువుగా చేయించారు. ఒక్కసారీ ఆ సంగతి ఎత్తలేదు. తిట్టి ఉంటే బావుండేది.

ఆ ఏడు చైనా కొత్త సంవత్సరానికి హాస్టల్ ఖాళీ అయిపోయింది. నన్ను ఇంటికి పిలిచారు. మిల్లు క్వార్టర్స్, రెండు గదులు, గోడకి ఎండు మిరపకాయల దండ. ఆయన భార్య అదే మిల్లులో నూలు వడికే మిషన్ మీద ముప్పై ఏళ్లు చేశారు. పిండి ముద్దలు అద్దుతూ, మధ్యలో నన్ను "నువ్వు చిక్కిపోయావు" అంటూ. అప్పట్లో నాకు "ఛాన్‌స" పట్టుబడేది కాదు. పట్టుపురుగు గూట్లోంచి దారం లాగినట్టు ప్రతి కదలికా మెలి తిరుగుతూ తెగకుండా పోవాలి. గట్టిగా లాగితే తెగుతుంది, వదులు చేస్తే చిక్కుపడుతుంది. చెన్ పద్ధతికి ప్రాణం అదే. మాస్టారు చెప్పడం, నేను చెయ్యడం, "బూ జోంగ్" అనడం, నెలలుగా ఇదే. ఆవిడ వంటింట్లోంచి విని, చేతులు తుడుచుకుంటూ వచ్చి, సూదిపెట్టెలోంచి దారం తీసి తెంపారు. రెండు కొసలూ బొటనవేలు, చూపుడు వేలు మధ్య పెట్టి ఒక్కసారి దొర్లించారు. అతుక్కుంది. ఎక్కడ అతికిందో కళ్లకి కనిపించలేదు. మళ్లీ తెంపి నా చేతికిచ్చారు. నేను పది నిమిషాలు కుస్తీ పట్టినా ముడే పడింది గానీ అతకలేదు. ఆవిడ నా వేళ్లు పట్టుకుని చూపించారు. దొర్లేది వేళ్లు కాదు, మణికట్టు దగ్గర మొదలై, ఆ వెనక మోచెయ్యి, ఆ వెనక భుజం, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి చివర్లో వేళ్లు ఊరికే ఉంటాయి. ఎనిమిది గంటల షిఫ్టులో వందలసార్లు చేస్తే వేళ్లు అరిగిపోతాయి మరి, అలా చెయ్యకపోతే, అన్నారు. ఆవిడకి తాయ్‌చీ రాదు. మాస్టారు పక్కకి తిరిగి టీ తాగుతున్నారు. నాకు మాత్రం ఆ సాయంత్రమే ఛాన్‌స అంటే ఏమిటో తెలిసింది.

భోజనాలయ్యాక, బయట టపాకాయల మోతలో, అడగకుండానే చెప్పారు. 1960ల చివర్లో ఆయన కొత్తగా మిల్లులో చేరిన కుర్రాడు. బాయిలర్ దగ్గర బొగ్గు వేసే పెద్దాయన ఒకరుండేవారు, ఊరు వెన్ కౌంటీ. నైట్ షిఫ్ట్ అయ్యాక, తెల్లారేలోపు, బొగ్గు కుప్పల వెనక ఆయన ఏదో చేస్తుంటే చూశారు. నేర్పమన్నారు. ఆయన మొదట ఏమీ లేదు పొమ్మన్నారు. తర్వాత నేర్పారు. ఏడేళ్లు. మోకరిల్లడం, టీ ఇవ్వడం ఏమీ లేవు. ఆ రోజుల్లో ఒకరి ముందు తల వంచారని తెలిస్తే ఇద్దరికీ ముప్పే. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆయన చెప్పలేదు, తనకి అడిగే ధైర్యం లేకపోయింది. ఒకరోజు ఊరెళ్తున్నానని వెళ్లారు, మళ్లీ రాలేదు. మరి ఆయన్ని ఏమని పిలిచేవాళ్లు అని అడిగాను. "షీఫు" అన్నారు.

2012లో ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరి ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లే ముందు ఆ అనాటమీ నోట్సు పార్కుకి తీసుకెళ్లాను. నాలుగేళ్లుగా గీస్తున్న చెట్టు. కొమ్మలూ రెమ్మలూ పెరిగి వెనక అట్ట చాలక, లోపలి పేజీ అతికించాను. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఒకటి రెండు అక్షరాలు తప్పు రాశానని దిద్దారు. బాగ్వా ఆయన కూడా గానుగ ఆపి వచ్చి, కళ్లజోళ్ల ఛెంగ్‌ని ఎందుకు వెయ్యలేదని కోప్పడ్డారు. మిమ్మల్ని ఎక్కడ రాయను అని మాస్టారిని అడిగాను. పెన్ను తీసుకుని, ఏ కొమ్మకీ తగలకుండా, పేజీ కింద కుడి మూల, ఖాళీలో మూడు అక్షరాలు గొలుసుకట్టుగా రాశారు. దాని కింద ఒక చిన్న గీత. గీత కింద "శ్యావ్ యిన్" అని, నాకు చదవొచ్చేలా విడివిడిగా. మధ్యలో తన పేరు రాసుకోలేదు.

ఆ గొలుసుకట్టు నాకు కొరుకుడుపడలేదు. కొత్త ఆసుపత్రిలో ఒక నైట్ డ్యూటీ నాడు, వార్డు నిద్రపోయాక, నర్సు ఒకావిడకి చూపించి చదివిపెట్టమన్నాను. దీపం కిందికి జరిపి చూసింది. మొదటిది ఇంటిపేరు, వీధికి పదిమందికి ఉండేది. తర్వాత రెండూ "షీఫు". నేను, తండ్రి అని అర్థం వచ్చే ఫు కదా అన్నాను. కాదంది. పలకడానికి ఒకటేగానీ అక్షరం వేరట. ఇది డ్రైవర్లని, వంటవాళ్లని, మేస్త్రీలని పిలిచే షీఫు.

"ఎవరీయన? మీ హాస్టల్లో కుళాయిలు బాగుచేసే ఆయనా?" అంది.

"కాదు. బాయిలర్లో బొగ్గు వేసేవారు" అన్నాను.